కారెంపూడిలో వెలుగు ఎవరి మొహం మీద పడుతుంది?



పోయిన కార్తీకంలో కెమెరా పట్టుకుని కారెంపూడి తిరునాళ్ళకి వెళ్ళాను. పల్నాడులో అవి పత్తి తీతల రోజులు. అక్కడి వీరుల గుడి 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చనిపోయినవాళ్ళ గుర్తు. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు పేర్లతో ఆ యుద్ధాన్ని మళ్ళీ నడిపిస్తారు.

మందపోరు నాడు మిట్టమధ్యాహ్నం, కత్తి పట్టుకుని నిలబడ్డ ఒక వీరవిద్యావంతుణ్ణి అడక్కుండానే ఫొటో తీశాను. పెద్దాయన దగ్గరకొచ్చి స్క్రీన్ చూశాడు. "కత్తి పడింది, పంచె పడింది. నా మొహం ఏదయ్యా?" అన్నాడు. సిగ్గేసింది. మొహం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ.

తప్పు నాదే. తెల్లబట్ట, ఎండ ఎక్కువ కనిపిస్తే కెమెరా దానంతటదే వెలుగు తగ్గించేస్తుంది. మన నల్లటి మొహాలు చీకట్లోకి పోతాయి. ఒకప్పుడు రంగులు సరిచూసుకోడానికి కొడాక్ ల్యాబులకి పంపిన కార్డుల మీద ఉండేది తెల్లమ్మాయి బొమ్మే. మనల్ని చూసి చేసిన సామాను కాదిది. అందుకే ఫోన్ తెర మీద మొహం దగ్గర వేలు పెట్టి వెలుగు పెంచండి. పంచె తెల్లగా పేలిపోయినా పర్లేదు.

చరిత్ర రాసినవాళ్ళూ ఇంతే. పల్నాటి కథ అనగానే శ్రీనాథుడి పేరు చెప్తారు, బ్రహ్మనాయుడి చాపకూడుని మెచ్చుకుంటారు. మాచర్ల పక్షాన సేనాని కన్నమదాసు మాలవాడని ఎంతమంది చెప్తారు? అసలు ఆ కథని తరతరాలుగా నోట నిలబెట్టింది మాల వీరవిద్యావంతులు. జీన్ రోఘైర్ ఇంగ్లీషు పుస్తకం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. దానికి ఆధారం అలిశెట్టి గాలెయ్య పాడిన కథే. (చాపకూడు గొప్ప చెప్పుకునే ఈ పాత గుంటూరు జిల్లాలోనే 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. దాని గురించి ఇంకో భాగంలో.)

సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. ఏటవాలు ఎండలో రాళ్ళ అంచులు తేలి కనపడుతున్నాయి. పూనకంలో ఉన్నవాళ్ళ మీద ఫ్లాష్ వెయ్యలేదు. "తాతా, ఒకటి తీసుకోనా?" అని అడిగాను. తువ్వాలు సర్దుకుని పడమటి వైపు తిరిగి నిలబడ్డాడు. స్క్రీన్ చూపిస్తే, "ఆఁ, ఇప్పుడు నేనే" అన్నాడు.

కాగితం మీద వేయించి పంపమన్నాడు. మిరప కోతల టైములో నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.