ఉప్పునీటి తొట్టెలో తెల్లచుక్కలు



ముప్పదినాలుగేళ్ళు బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాడు చేపల జబ్బుల చరిత్ర వ్రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. రెండు మూడు నెలల క్రితమైతే నేనూ నవ్వేవాణ్ణి. విశాఖపట్నంలో మా పెద్దవాడి ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఒకటి ఉన్నది. మూడున్నర అడుగుల గాజుతొట్టె. అందులో పగడపు జీవాలు, రెండు రొయ్యలు, ఎనిమిది చేపలు ఉండేవి. ఆ ఎనిమిదిలో ఏడు నా తొందరపాటు వల్ల చచ్చిపోయాయి. ఆ బాధతో చదివిన సంగతులే ఈ టపా.

జరిగినది ఇది. మనవడి పుట్టినరోజుకని నీలిరంగు సర్జన్ చేపను ఒకదాన్ని కొని తెచ్చాము. "నాన్నగారూ, దీన్ని నెలరోజులైనా వేరే టబ్బులో ఉంచాలి" అన్నాడు మావాడు. "చేపకు కూడా మైల పట్టాలిట్రా? పుట్టినరోజు నాడు పిల్లవాడు చూసుకోవద్దూ?" అన్నాను నేను. నా మాట కాదనలేక అతడు ఆ సాయంత్రమే దాన్ని తొట్టెలో వదిలాడు.

పదవనాడు దాని రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపించాయి. మూడు రోజుల్లో అవి మాయమయ్యాయి. "చూశావా, వాటంతటవే తగ్గిపోయాయి" అన్నాను కొంత గర్వంగానే. మావాడు మాట్లాడలేదు. మరో వారానికి అన్ని చేపల ఒళ్ళూ చుక్కలే. నీటి పైకి వచ్చి నోళ్ళు తెరచి రొప్పసాగాయి. మందు వేయమన్నాను. "ఆ మందు రాగి, నాన్నగారూ. ఈ తొట్టెలో వేస్తే రొయ్యలూ పగడాలూ పోతాయి" అన్నాడు. చేపలను టబ్బులోకి మార్చి మందు వేశాడు గాని అప్పటికే ఆలస్యమైంది. ఒక్క క్లౌన్ చేప మాత్రం బ్రతికింది.

ఏడవ చేపను పెరట్లో పూడ్చిన రోజున మనవడు ఒక ప్రశ్న వేశాడు. "తాతయ్యా, చుక్కలు పోయాయన్నావు కదా, మళ్ళీ ఎందుకు వచ్చాయి?" నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ ప్రశ్న వెంట వెళ్ళగా నూటయేభై ఏళ్ళ చరిత్ర ఎదురైంది.

సముద్రాన్ని గాజులో బంధించే వేడుక మరీ పాతది కాదు. 1846లో ఆనా థిన్ అనే ఇంగ్లీషు ఇల్లాలు పగడపు జీవాలను లండనుకు తెచ్చి గాజుపాత్రలో పెంచింది. నీటిలో గాలి కలవడానికి పనిమనిషి చేత ఆ నీటిని ఒక పాత్రలోనుండి మరొక పాత్రలోకి పోయించేదట. మన ఇళ్ళలో కాఫీ తిరగబోసినట్లన్న మాట. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూడటానికి తొలి మత్స్యశాల తెరిచారు. మరుసటి సంవత్సరం ఫిలిప్ హెన్రీ గాస్ తన గ్రంథానికి 'ది అక్వేరియం' అని పేరు పెట్టడంతో ఆ మాట ఇంటింటికీ చేరింది. అప్పటి తొట్లలో ఎక్కువగా ఉన్నవి ఇంగ్లండు తీరపు చల్లని నీటి జీవాలు. నీటిని వెచ్చగా ఉంచడం, నిరంతరం తిప్పడం, వడకట్టడం బాగా అలవడిన తరువాతనే వెచ్చని సముద్రాల రంగురంగుల చేపలు ఈ గాజుగోడల మధ్య పెద్ద సంఖ్యలో చేరాయి. వాటి వెంట వాటి పరాన్నజీవులూ వచ్చాయి.

లండన్ జంతుప్రదర్శనశాల వారు 1924లో కొత్త అక్వేరియం కట్టుకున్నారు. అక్కడి చేపల మొప్పల మీద, చర్మం మీద ఉన్న ఒక సూక్ష్మజీవిని 1931లో ఇ. ఎమ్. బ్రౌన్ వర్ణించారు. (మన సి. పి. బ్రౌన్ కాదు సుమా!) ఆ జీవికి 'ఊడీనియం ఓసెల్లాటం' అని పేరు. రెండవ పదానికి చిన్న కన్ను కలది అని అర్థం. చేప ఒంటిపై బంగారు పొడి చల్లినట్లు కనిపిస్తుంది కాబట్టి పెంపకందారులు దీన్ని వెల్వెట్ జబ్బు అంటారు. 1936లో న్యూయార్క్ అక్వేరియంలో రాస్ నిగ్రెల్లి దీని జీవనక్రమాన్ని వివరంగా పరిశీలించారు. ఇందులో పిండిరేణువులు ఉన్నవని తేలడంతో 1946లో పేరుకు ముందు 'అమైలో' చేరి 'అమైలూడీనియం' అయింది. గ్రీకులో అమైలో అంటే పిండి.

మా తొట్టెను కబళించిన తెల్లచుక్కల జబ్బు వేరు. దీని నామకరణం కథ తెలుగు పండితునికి బాగా రుచించేది. మంచినీటి చేపలకు ఇటువంటిదే ఒక జబ్బు ఉన్నది. దానికి కారణమైన జీవికి 1876లో ఫూకే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 'ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలీస్' అని పేరు పెట్టాడు. ఇక్తిస్ అంటే చేప, ఫ్తీర్ అంటే పేను, మల్టీఫిలీస్ అంటే బహుసంతానం కలది. వెరసి 'బహుపుత్రవతియైన చేపపేను'. 1930లలో జపానులో సికామా సముద్రపు చేపల తెల్లచుక్కలను పరిశీలించి వ్రాశారు. 1951లో లండనులో మన బ్రౌనే దానికి 'క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్' అని పేరిచ్చారు. క్రిప్టోస్ అనగా దాగినది, కార్యోన్ అనగా గింజ, కేంద్రకం. 1961లో సికామా దాన్ని మంచినీటి పేనుకు సోదరిగా భావించి 'ఇక్తియోఫ్తీరియస్ మరైనస్' అన్నారు గాని, ముందు పెట్టిన పేరే నిలవాలన్నది శాస్త్ర నియమం. బ్రౌన్ పేరే నిలిచింది. 2002లో జన్యువులను పోల్చి చూసినవారు ఈ రెండు జీవులూ దగ్గరి బంధువులు కావని తేల్చారు. రెండూ ఒకే బ్రతుకుతెరువును వేర్వేరుగా నేర్చుకొన్నాయి. తత్సమమని భ్రమపడిన మాట చివరికి దేశ్యమని తేలినట్లయింది.

ఇక మనవడి ప్రశ్నకు సమాధానం. ఆ తెల్లచుక్క పురుగు మొత్తం కాదు, పురుగు జీవితంలో ఒక అంకం మాత్రమే. చేప చర్మం క్రింద దూరి మూడు నుండి ఏడు రోజులు తిని బలుస్తుంది. అప్పుడే మన కంటికి రవ్వలాగా కనిపిస్తుంది. కడుపు నిండాక తానే రాలి, ఇసుక మీదనో రాతి మీదనో అతుక్కొని గట్టి గుల్ల కట్టుకొంటుంది. ఆ గుల్లలో చీలి, చీలి, రెండు వందలకు పైగా పిల్లలు కాగలదు. ఆ పిల్లలు సాధారణంగా మూడు నుండి ఇరవైయెనిమిది రోజులలోపు బయటపడతాయి. 72 రోజుల తరువాత బయటపడినవి కూడా నమోదయ్యాయి. అవి బయటకు వచ్చేది ఎక్కువగా చీకటిలో, తెల్లవారుజామున. చేపలు అడుగుకు చేరి కదలకుండా విశ్రమించే వేళ అది. పుట్టిన పిల్లకు సుమారు ఒక రోజులోగా చేప దొరకకపోతే చావు తప్పదు.

అనగా నేను గర్వంగా "తగ్గిపోయాయి" అన్న దినాన ఆ పురుగులు తొట్టె అడుగున గుల్లల్లో పిల్లలు పెడుతున్నాయి.

ఇక్కడ మన కాకతాళీయ న్యాయం గుర్తుకు వస్తుంది. కాకి వాలడం, తాటిపండు పడటం ఒకే క్షణాన జరిగితే కాకి వల్లనే పండు పడిందనుకొంటాము. చుక్కలు కనిపించగానే ఒకరు ఆహారంలో వెల్లుల్లి రసం కలుపుతారు, మరొకరు చేపల ఒళ్ళు శుభ్రం చేసే రొయ్యను తెచ్చి వదులుతారు. మూడు నాలుగు రోజుల్లో చుక్కలు పోతాయి. ఏమీ చేయకపోయినా పోయేవే! కీర్తి మాత్రం వెల్లుల్లికి దక్కుతుంది. పైగా జబ్బును తట్టుకొని బ్రతికిన చేపలకు కొంతకాలం పాటు ఆ పురుగును ఎదిరించే శక్తి వస్తుంది. వాటి ఒంటిపై చుక్కలు కనిపించవు, మొప్పల్లో మాత్రం ఒకటి రెండు పురుగులు ఉండవచ్చు. తొట్టె ఆరోగ్యంగా ఉన్నట్లే తోస్తుంది, ఒక కొత్త చేప వచ్చి చేరేదాకా.

మరి సముద్రంలో చేపలన్నీ ఎందుకు చావడం లేదు? ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన స్వేచ్ఛగా తిరిగే చేపలను పరీక్షించినవారు 1996లో ప్రకటించిన ఫలితాలలో ఈ పురుగు అక్కడి చేపలపైనా కనిపించింది. అయితే ఉన్నవి బహు కొద్ది. విశాలమైన నీటిలో పురుగు రాలిన చోటికి చేప తిరిగి రాకపోవచ్చు. రెండువందల పిల్లలలో ఏ ఒక్కటో రెండో బ్రతుకుతాయి. మూడున్నర అడుగుల తొట్టెలో చేప ఎక్కడికి పోగలదు? పురుగును పంపినది సముద్రమే, దానికి రాజ్యమిచ్చినది మాత్రం గాజుగోడలు. సముద్రంలో వలపంజరాలు కట్టి చేపలను క్రిక్కిరిసి పెంచేచోట్లా ఇదే భయం. మన విశాఖ తీరంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లో పంజరాల్లో పండుగప్పల పెంపకాన్ని ప్రారంభించింది గనుక ఈ పురుగు కథ మనకు మరీ పరాయిది కాదు.

మందు విషయానికి వస్తే, 1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియానికి చెందిన రాబర్ట్ డెంప్‌స్టర్ వెల్వెట్ జబ్బుకు కాపర్ సల్ఫేట్ వాడే పద్ధతిని ప్రకటించారు. మన రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసే మైలుతుత్తమే అది. ఈ 'మైలు' నేను ఎగతాళి చేసిన మైల కాదు. నెమలి మెడ రంగులో ఉంటుంది గనుక మయూరతుత్థం. తెల్లచుక్కలకూ రాగి వాడుక అయింది. మోతాదు చాలా సూక్ష్మం: లీటరు నీటికి 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల రాగి. తగ్గితే పురుగు చావదు, మించితే చేప చస్తుంది. ఇతర పదార్థాలతో బంధించి అమ్మే రాగి మందులకు మోతాదు వేరు, అది సీసా మీద చూసుకోవలసిందే. రాగి చంపేది నీటిలో ఈదే పిల్లలనే. చేప చర్మంలో ఉన్నదానికీ, గుల్లలో ఉన్నదానికీ ఏమీ కాదు. అందుచేత చుక్కలు పోయిన తరువాత కూడా వారాల తరబడి మోతాదు నిలపాలి. సున్నపు రాళ్ళు రాగిని పీల్చుకొంటాయి గనుక ఇసుకా రాళ్ళూ లేని ఉత్త టబ్బులో, రోజూ కొలుచుకొంటూ వైద్యం చేయాలి.

రాగి లేని మార్గాలూ ఉన్నవి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చేపలను టబ్బులో ఉంచి, మెల్లమెల్లగా దాన్ని సగానికన్నా తగ్గించి కొన్ని వారాలు నిలిపితే చేప తట్టుకొంటుంది, గుల్లలు నశిస్తాయి. అయితే తక్కువ ఉప్పులోనూ బ్రతికే రకాలను తైవాన్‌లో గుర్తించినట్లు 2003లో ప్రకటించారు. వెల్వెట్ పురుగుకు ఈ పద్ధతి పనికిరాదు. 1980లలో ఇజ్రాయెల్‌లోని ఈలాత్‌లో ఆంజెలో కొలోర్ని ఈ జీవనక్రమాన్ని గంటల లెక్కన గమనించారు. రాలిన పురుగు పిల్లలు పెట్టేలోగానే, అనగా మూడు రోజులకొకసారి, చేపను శుభ్రమైన పొడి టబ్బులో నింపిన కొత్త నీటిలోకి మార్చడం ఆ పరిశీలనల ఫలం. అలా నాలుగు మార్లు చేస్తే మందు లేకుండానే చేపకు విముక్తి.

గమనించండి. రాగి గాని, ఉప్పు తగ్గించడం గాని, టబ్బులు మార్చడం గాని, అన్నింటికీ ఆధారం పురుగు కాలపట్టికే. అన్నింటికన్నా సులువైనది మాత్రం మావాడు మొదటిరోజే చెప్పినది: కొత్తగా వచ్చినదాన్ని వేరుగా ఉంచి, కనిపెట్టి చూడటం. 1377లో ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం (నేటి డుబ్రోవ్నిక్) మహమ్మారి ఉన్న చోట్లనుండి వచ్చేవారిని నెలరోజులు ఊరిబయట ఆపింది. తరువాత ఆ గడువు నలభై రోజులైంది. ఇటాలియన్ భాషలోని ఆ నలభై నుండే క్వారంటైన్ అనే మాట పుట్టింది. 2020లో మన పల్లెల్లో అవ్వల నోళ్ళలో కూడా నలిగిన మాట అది. నేనూ ఆ సంవత్సరం ఇల్లు కదలకుండా గడియ వేసుకొని కూర్చున్నవాణ్ణే. అయినా ఒక చేపకు నెల గడువు ఇవ్వలేకపోయాను.

ప్రస్తుతం మావాడి తొట్టెలో పగడాలు, రొయ్యలు ఉన్నవి. చేప ఒక్కటీ లేదు. 72 రోజుల లెక్కకు మరికొన్ని కలిపి 76 రోజులు అలా ఖాళీగా ఉంచాలట. చేప దొరకక పురుగు దానంతట అది అంతరించాలి. బ్రతికిన క్లౌన్ చేప వైద్యం ముగించుకొని టబ్బులోనే ఎదురుచూస్తున్నది. మనవడు క్యాలెండరు మీద రోజూ ఒక గీత గీస్తున్నాడు. నిన్నటికి అరవైయొకటి. "పోనీ, ముందే వేసేద్దామా?" అని వాణ్ణి పరీక్షించబోయాను. "వద్దు తాతయ్యా, ఇంకా పదిహేను ఉన్నాయి" అన్నాడు.

మీలో ఉప్పునీటి తొట్టెలు పెంచేవారుంటే మీ అనుభవాలు వ్రాయండి. నేను వ్రాసినదానిలో దోషాలుంటే సవరించండి. ఈ విషయంలో నేనింకా ఒకటో తరగతి విద్యార్థినే.