ఆప్తవాక్యం కోసం: కాల్పనికేతర గ్రంథాల్లో తెలుగు సామాన్య పాఠకుడు వెతుక్కొనేది

కథ, నవల, నాటకం, కవిత్వం కానివై, జరిగినదాన్నో ఉన్నదాన్నో ఆధారం చేసుకొని వెలువడే పుస్తకాలన్నిటికీ కలిపి కాల్పనికేతర రచనలు అన్న పేరు వాడుకలోకి వచ్చింది. చరిత్ర, ఆత్మకథ, యాత్రాకథనం, విజ్ఞానశాస్త్రం, ఆరోగ్యం, వంట, వ్యక్తిత్వ వికాసం వంటి పరస్పర సంబంధం లేని విషయాలన్నీ ఈ ఒక్క పేరు కిందికే వస్తాయి. పరీక్ష కోసమో, ఉద్యోగం కోసమో, పరిశోధన కోసమో కాక, తన ఇష్టం కొద్దీ ఇటువంటి పుస్తకాన్ని కొనుక్కొనో గ్రంథాలయం నుంచి తెచ్చుకొనో చదివే వ్యక్తి ఈ వ్యాసంలో సామాన్య పాఠకుడు. ఆ మాటలో పాఠకురాలూ చేరి ఉంది. కథా నవలల పాఠకుల అభిరుచిని గురించి తెలుగు విమర్శ విస్తారంగానే చర్చించింది గాని, ఒకే మనిషి ఒక నెల నక్షత్రాల గురించీ, మరో నెల తెలంగాణ సాయుధ పోరాటం గురించీ, ఇంకో నెల పిండివంటల గురించీ ఎందుకు చదువుతాడన్న ప్రశ్నకు తగినంత చోటు ఇవ్వలేదు. విషయం మారుతున్నా మారని గుణమేదో ఆ పుస్తకాల్లో ఉండి తీరాలి. పునర్ముద్రణలు పొందుతూ, చేతులు మారుతూ నిలిచిన కొన్ని తెలుగు పుస్తకాల నిర్మాణాన్ని పరిశీలించి ఆ గుణాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ గుణాన్ని నిర్వచించడానికి భారతీయ తర్కశాస్త్రంలోని ఒక భావన చక్కగా ఉపకరిస్తుంది. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను, అంటే సరైన ఎరుకను కలిగించే నాలుగు సాధనాలను, అంగీకరిస్తుంది. వీటిలో శబ్దమంటే ఆప్తుడి మాట. ఆప్తుడెవరన్న ప్రశ్నకు న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన సమాధానం ఎంతో ఉదారమైనది: ఒక విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక గలవాడు ఆప్తుడు, ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానంగా వర్తిస్తుందని కూడా ఆయన స్పష్టం చేశాడు. పుట్టుకతోనో పదవితోనో కాక, ఎరుకతోనూ నిజాయితీతోనూ సంక్రమించే అధికారం ఇది. కాల్పనికేతర గ్రంథాన్ని చేతిలోకి తీసుకొన్న సామాన్య పాఠకుడు మొదట వెతికేది ఇటువంటి ఆప్తుడినే. విషయం ఆ తరువాతి మాట. రచయిత ఆప్తుడా కాదా అని తేల్చుకోవడానికి పాఠకుడికి ఉన్న కొలమానం పుస్తకంలోని వివరం ఒక్కటే.

ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర ఇందుకు తొలి ఉదాహరణల్లో ఒకటి, బహుశా అన్నిటిలోకీ ఉత్తమమైనది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్నం నుంచి పెద్ద పరివారంతో బయలుదేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీలను చూసుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. దారి పొడుగునా ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు తెలియజేస్తూ వచ్చిన సంగతులే, రచయిత మరణించిన తరువాత, 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. మజిలీకీ మజిలీకీ మధ్య దూరమెంత, బాట గట్టిదా ఇసుకదా, ఊళ్లో తాగే నీరు ఎటువంటిది, అంగళ్లలో ఏ సామగ్రి దొరుకుతుంది, బస చేయడానికి నీడ ఉందా లేదా అన్న సంగతులను ఆయన అలుపు లేకుండా నమోదు చేశాడు. ఆలయాల మహిమను చెప్పే చోట కూడా అక్కడి పూజారుల పద్ధతులనూ, యాత్రికుడు చెల్లించవలసివచ్చే రుసుములనూ వదిలిపెట్టలేదు.

తనకూ తన వెనుక నడిచే యాత్రికులకూ పనికివస్తాయనే ఆయన ఆ వివరాలు రాసి ఉండవచ్చు. రైలు మార్గాలు వచ్చాక ఆ ప్రయోజనం పూర్తిగా నశించింది. కాశీకి కాలినడకనో పల్లకీలోనో వెళ్లేవారికి మజిలీల దూరాలతో పని ఉంటుంది గాని రైలెక్కినవారికి ఉండదు. అయినా 1869లో మరోసారి అచ్చై, 1941లో దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వంలో మళ్లీ వెలువడి, ఆ పుస్తకం నేటికీ చదువరులను సంపాదించుకొంటూనే ఉంది. ప్రయోజనం పోయాక కూడా మిగిలిన ఆ విలువ ఏమిటో గమనించడం ఈ చర్చకు కీలకం. నీటి రుచి గురించి అంత శ్రద్ధగా చెప్పినవాడు కుంపిణీ కొలువుల గురించీ, నైజాం సీమలో బాటసారులు పడే ఇక్కట్ల గురించీ చెప్పినప్పుడు ఆ మాటలు కూడా నమ్మదగినవే అయి ఉంటాయని పాఠకుడు భావిస్తాడు. చిన్న వివరం పెద్ద వివరానికి పూచీ పడుతుంది. సరిచూసుకోగల సంగతుల్లో నిజం పలికినవాడికి, సరిచూసుకోలేని సంగతుల్లో కూడా పాఠకుడు విశ్వాసం అప్పుగా ఇస్తాడు.

విషయ వైవిధ్యాన్ని ఒక కార్యక్రమంగా చేపట్టిన ఘనత 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలిది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రధాన సారథిగా వెలసిన ఆ సంస్థ చరిత్రలను, జీవితచరిత్రలను, ప్రకృతిశాస్త్ర గ్రంథాలను ఒకే మాలలో ప్రచురించి, తెలుగు మాత్రమే వచ్చిన మనిషికి కూడా ప్రపంచ విషయాలన్నీ అందవలసిందేనన్న సూత్రాన్ని స్థాపించింది. ఆ మాలలో మొదటగా వెలువడింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను జీవితచరిత్ర. అమెరికా అధ్యక్షుడి కథ అప్పటి తెలుగు పాఠకుడికి దూరపు సంగతి కాకపోవడానికి, బానిసత్వం అన్న మాటకు వందేమాతరం రోజుల్లో వచ్చిన బరువు ఒక కారణమైతే, రాసిన వ్యక్తి నడవడి మరో కారణం. వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు రాజమండ్రిలో చదువు పోగొట్టుకొని, స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు 1908లో జైలుకు వెళ్లిన రచయిత, స్వేచ్ఛ గురించి రాస్తే చదువరి ఆ మాటకు చెవి ఒగ్గుతాడు. ఇది ఎరుక గలవాడి మాట మాత్రమే కాదు, మూల్యం చెల్లించినవాడి మాట. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో జరిగిన సభతో సంఘటిత రూపం దాల్చిన గ్రంథాలయోద్యమం ఇటువంటి పుస్తకాలను పల్లెలకు చేర్చింది. కృష్ణా కాలువల వెంట పడవలో సైతం గ్రంథాలయం నడిచిందన్న సంగతి ఆ ఆకలి ఎంతటిదో తెలుపుతుంది.

సామాన్య పాఠకుడి సొంత బతుకునే చరిత్రకు వస్తువుగా చేసిన గ్రంథం సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వెలువడి, 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాన్ని సంపాదించిన ఈ పుస్తకం రాజుల వంశావళులను వెనక్కు నెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ వ్యాపారాలు చేశారు, ఏ దేవతలకు మొక్కారు అన్న ప్రశ్నలను ముందుకు తెచ్చింది. పాల్కురికి సోమనాథుడి రచనలను, క్రీడాభిరామాన్ని, ఆముక్తమాల్యదను, శుకసప్తతిని, హంసవింశతిని ప్రతాపరెడ్డి కావ్యాలుగా కంటే ఎక్కువగా సాక్ష్యాలుగా చదివాడు. ఒక ఆటను ఫలానా కవి ఫలానా చోట పేర్కొన్నాడని మూలాన్ని చూపిస్తూనే, నిఘంటువులు ఏదో ఒక ఆట అని సరిపెట్టి వదిలేసిన పదాలకు పల్లె జనం వాడుకలో అర్థం వెతికాడు. ఇక్కడ పాఠకుడి స్థానమే మారిపోయింది. కోడిపందేలను, తోలుబొమ్మలాటలను, పూటకూళ్ల ఇళ్లను ఎరిగిన పాఠకుడు గ్రంథకర్త చెప్పినదాన్ని తన జ్ఞాపకంతో పోల్చి చూసుకొని, ఔనని తలూపవచ్చు, కాదని వాదించనూవచ్చు. పాఠకుడిని సాక్షిగా, అవసరమైతే ప్రతివాదిగా కూర్చోబెట్టగల పుస్తకం మీద కలిగే గౌరవం, తెలియనివాడిగా నిలబెట్టి పాఠం చెప్పే పుస్తకం మీద కలగదు. ప్రతాపరెడ్డి గ్రంథానికి చదువరుల్లో దక్కిన ఆదరానికి పురస్కారం కన్నా ఇదే బలమైన హేతువు.

ఇదే మర్యాద 1986లో స్త్రీ శక్తి సంఘటన వెలువరించిన మనకు తెలియని మన చరిత్రలో మరింత ముందుకు వెళ్లింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ అనుభవాలను తమ మాటల్లో చెప్పగా సంకలనం చేసిన ఈ పుస్తకంలో, సంకలనకర్తల వ్యాఖ్యానం కంటే ఆ స్త్రీల మాటతీరే ప్రమాణం. అంతకు మూడు దశాబ్దాల ముందే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి అనుభవాలూ జ్ఞాపకాలూనూ గోదావరి సీమలోని వైదిక కుటుంబాల ఇంటి భాషను, విద్యాభ్యాసాన్ని, సంస్కృత పండితుల ఇంట తెలుగు కవిత్వం మీద మోజు పెంచుకొన్న పిల్లవాడి అవస్థను అంతే సన్నిహితంగా నమోదు చేసింది. ఈ రెండు పుస్తకాల రాజకీయాలకూ సామాజిక నేపథ్యాలకూ మధ్య ఎంతో దూరం ఉన్నా, రెండింటినీ ఒకే పాఠకుడు ప్రీతితో చదవగలగడంలో వింత లేదు.

విజ్ఞానశాస్త్ర రచనల్లో ఆప్తత్వం వేరే రూపం తీసుకొంటుంది, ఎందుకంటే నక్షత్రాల దూరాన్నీ జీవపరిణామాన్నీ పాఠకుడు తన అనుభవంతో సరిచూసుకోలేడు. మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పిన ఒక విభజన ఇక్కడ తోడ్పడుతుంది: వేదం ప్రభువులా శాసిస్తుంది, పురాణం మిత్రుడిలా నచ్చచెబుతుంది, కావ్యం కాంతలా మనసు హరించి ఒప్పిస్తుంది. వీటినే ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అంటారు. పాఠ్యపుస్తకం ప్రభువు పద్ధతిలో ఫలితాన్ని ప్రకటిస్తే, నండూరి రామమోహనరావు విశ్వరూపం, నరావతారం మిత్రుడి పద్ధతిలో ఆ ఫలితానికి మనుషులు ఎలా చేరుకొన్నారో చెబుతాయి. ఖగోళశాస్త్రాన్నీ మానవ పరిణామాన్నీ తెలుగులోకి తెచ్చిన నండూరి వృత్తిరీత్యా పత్రికా సంపాదకుడు. ఆయన పాఠకుడికి కనిపించేది ఆ శాస్త్రాలను తాను ముందు నేర్చుకొని, నేర్చుకొన్న దారినే వెంట నడిపించే మిత్రుడిగా. మరోవైపు మహీధర నళినీమోహన్ స్వయంగా భౌతిక శాస్త్రవేత్త. ఆయన కేలండర్ కథకు వస్తువు ప్రతి ఇంటి గోడకూ వేలాడేది, పిడుగుదేవర కథకు వస్తువు ప్రతి వానాకాలం భయపెట్టేది. ఇద్దరి యోగ్యతలు వేరైనా, నిర్ణయాన్ని కాక నిర్ణయానికి చేరిన దారిని చూపడంలో ఇద్దరూ ఒకటే. పరిశీలనశాలలోకి వెళ్లలేని చదువరికి ఆ దారే ప్రత్యక్షానికి బదులుగా నిలుస్తుంది. పారిభాషిక పదాన్ని ముందు వాడి తరువాత అర్థం చెప్పే రచన కంటే, ముందు సంగతి చెప్పి ఆనక దానికి పేరు పెట్టే రచనే ఈ కారణం చేత పాఠకుడికి చేరువవుతుంది.

చేసి చూడడానికి ఉద్దేశించిన పుస్తకాలను సాహిత్య చరిత్రకారులు లెక్కలోకి తీసుకోకపోవడం పెద్ద లోపం. వాత్స్యాయనుడు ప్రమాణం నిజమైనదని తేలేది దాన్ని అనుసరించి చేసిన పని ఫలించినప్పుడేనని చెబుతాడు. ఫలవంతమైన ఆ ప్రయత్నానికి ప్రవృత్తి సామర్థ్యం అని పేరు. అంతే కాదు, న్యాయసూత్రాలు వేదానికి ప్రామాణ్యాన్ని సమర్థించే చోట దృష్టాంతంగా చూపినవాటిలో ఆయుర్వేదం ఒకటి: మందు పనిచేస్తున్నది గనుక ఆ మందు చెప్పినవాడు ఆప్తుడు. మాలతీ చందూర్ వంటలు-పిండివంటలు ఎన్నో ముద్రణలు పొంది, కాపురానికి వెళ్లే అమ్మాయి సామానులో చేరిందంటే, ఆ పుస్తకం ఇంటింటా పొయ్యి మీద ఈ పరీక్షకు నిలిచిందన్న మాట. పాళ్ల కొలతా, పాకం పదునూ తప్పితే పాఠకురాలికి అదే పూట తెలిసిపోతుంది. ఏ విమర్శకుడూ అంత నిర్దాక్షిణ్యంగా పుస్తకాన్ని పరీక్షించలేడు. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండ పల్లెల ప్రజల కోసం స్పానిష్‌లో రాసిన గ్రంథాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వైద్యుడు లేని చోట పేరుతో తెలుగులోకి తెచ్చినప్పుడు, ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన పుస్తకం ఇక్కడి పల్లెల్లో నిలదొక్కుకోవడానికి కారణం కూడా అదే. జ్వరానికీ విరేచనాలకూ ఏం చేయాలో బొమ్మలతో సహా చెబుతూ, ఏ స్థితిలో ఇక ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలో కూడా అంతే స్పష్టంగా చెబుతుంది. తన హద్దు ఎక్కడుందో చెప్పగలగడం ఆప్తుడి గుర్తుల్లో ముఖ్యమైనది.

వ్యక్తిత్వ వికాస గ్రంథాల పట్ల పండితుల్లో ఉన్న చిన్నచూపు న్యాయం కాదు. పేరున్న నవలాకారుడు యండమూరి వీరేంద్రనాథ్ విజయానికి ఐదు మెట్లు రాసినప్పుడు, చదువుకూ ఉద్యోగానికీ మధ్య దారి తెలియక తచ్చాడుతున్న యువతరం దాన్ని అక్కున చేర్చుకొంది. ఆ అవసరం నిజమైనది. అయితే ఈ కోవలోని పుస్తకాలన్నీ ఒకే తరహావి కావు. రచయిత ఎరిగిన మనుషుల అనుభవం మీద నిలిచిన సలహా, ఏ ఊరికైనా ఏ కాలానికైనా అతికే ఉత్సాహవచనం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండో దాంట్లో సరిచూసుకోవడానికి ఏమీ ఉండదు.

పాఠకుడు ఇంతగా కోరుకొనే ఈ సరిచూసుకొనే వీలును తెలుగు ప్రచురణ వ్యవస్థ మాత్రం తరచు నిర్లక్ష్యం చేస్తున్నది. పుస్తకంలో ఏ విషయం ఏ పుటలో ఉందో చెప్పే పదసూచిక కాల్పనికేతర గ్రంథాల్లో కూడా అరుదుగానే కనిపిస్తుంది. పునర్ముద్రణల్లో తొలి ముద్రణ సంవత్సరం, గ్రంథకర్త తొలి పీఠిక జారిపోతున్నాయి. అనువాదాల్లో మూలగ్రంథం పేరు, అది వెలువడిన సంవత్సరం, అనువాదకుడు చేసిన మార్పులు పేర్కొనని సందర్భాలు ఉన్నాయి. ఇవన్నీ పండితుల అవసరాలనీ సామాన్యుడికి అక్కరలేనివనీ ప్రచురణకర్తలు భావిస్తే అది పొరపాటు. పండితుడికి మరో ప్రతి, మరో గ్రంథాలయం, మరో పండితుడు అందుబాటులో ఉంటారు. సామాన్య పాఠకుడికి ఉన్నది చేతిలోని ఆ ఒక్క పుస్తకమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన వేలాది పాత తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఎవరికైనా దొరుకుతున్నా, ఒక వైద్య గ్రంథం ఏ కాలపు జ్ఞానం మీద ఆధారపడిందో, ఒక చరిత్రలోని ఏ నిర్ణయాన్ని తరువాతి శాసనాలు తోసిపుచ్చాయో చెప్పే నాలుగు పుటల సంపాదకీయ పీఠిక లేనందువల్ల, పనికివచ్చే పుస్తకమూ కాలం చెల్లిన పుస్తకమూ ఒకే వరసలో నిలుస్తున్నాయి. 1941లో దిగవల్లి వేంకట శివరావు కాశీయాత్ర చరిత్రకు చేసిన సేవ, ఇప్పుడు కనీసం కొన్ని వందల పుస్తకాలకు జరగవలసి ఉంది.