సేవ అన్న మాట వెనక

ఎమ్మా గోల్డ్‌మన్ గురించి క్లాసులో చెప్పాల్సి వచ్చి, ఆలిస్ వెక్స్‌లర్ రాసిన ఆమె జీవితచరిత్ర చదివాను. నచ్చింది. ఈవిడ ఇంకేం రాసిందా అని వెదికితే 1995లో వచ్చిన ‘మ్యాపింగ్ ఫేట్’ దొరికింది. ఒక అనార్కిస్టు స్త్రీ జీవితం రాసిన చరిత్రకారిణి, మెదడు జబ్బు గురించి ఎందుకు రాసిందో మొదట అర్థం కాలేదు. చదువుతుంటే తెలిసింది, అది వాళ్ళమ్మ కథ. అప్పట్నుంచీ వైద్య పరిశోధనకు నిధులు, అవార్డులు అన్న మాటలు ఎక్కడ విన్నా నాకు ఆ ఇంటి ఆడవాళ్ళే గుర్తొస్తారు.

ఆ జబ్బు పేరు హంటింగ్టన్స్. మెదడు లోపల స్ట్రయేటమ్ అనే భాగంలో కణాలు చచ్చిపోతూ ఉంటాయి. ఎక్కువగా ముప్పై, నలభై ఏళ్ళ వయసులో మొదలవుతుంది. కాళ్ళూ చేతులూ మన మాట వినకుండా వాటంతట అవే కదులుతుంటాయి. కోపం, దిగులు, మతిమరుపు తోడవుతాయి. పదిహేను, ఇరవై ఏళ్ళు ఇలా సాగి మనిషి పోతుంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. కొడుకా కూతురా అన్న తేడా దానికి లేదు.

1872లో దీని గురించి వ్యాసం రాసిన జార్జ్ హంటింగ్టన్‌కి అప్పటికి 22 ఏళ్ళు. చిన్నప్పుడు డాక్టరైన తండ్రితో బండిలో వెళ్తూ లాంగ్ ఐలాండ్ దారిలో ఒక తల్లినీ కూతుర్నీ చూశానని అతను తర్వాతెప్పుడో చెప్పాడు. ఇద్దరూ పొడుగ్గా, సన్నగా, మెలికలు తిరిగిపోతూ నడుస్తున్నారట. జబ్బుకి అతని పేరు వచ్చింది. ఆ తల్లీకూతుళ్ళు ఎవరో అతను చెప్పలేదు. తర్వాత ఆలిస్ ఆ తీరానికే వెళ్ళి పాత రికార్డులు తిరగేసి, 1806లో సముద్రంలోకి నడిచిపోయిన ఫీబీ హెడ్జెస్ అనే స్త్రీ కథను 2008లో ఒక పుస్తకంగా రాసింది. ఆ కుటుంబంలోనూ ఇదే జబ్బు.

ఆలిస్ తల్లి లియోనోర్ కొలంబియా యూనివర్సిటీలో జంతుశాస్త్రం చదివి, పండు ఈగల మీద జన్యు పరిశోధన చేసిన మనిషి. తండ్రి 1929లో ఇదే జబ్బుతో పోయాడు, ముగ్గురు అన్నదమ్ములకూ అదే వచ్చింది. ఇది మగవాళ్ళకే వస్తుందని ఆ ఇంట్లో నమ్మేవారు. జన్యువుల గురించి చదువుకున్న స్త్రీ ఆ నమ్మకాన్ని ఎలా మోసిందో, ఎంత భయాన్ని దానికింద దాచిందో మనం ఊహించుకోవలసిందే. 1968లో ఒక ఉదయం లాస్ ఏంజిలిస్‌లో రోడ్డు దాటుతుంటే పోలీసు ఆపి, పొద్దున్నే తాగావా అని తిట్టాడు. జబ్బు బయటపడింది అలా. అప్పటికే విడాకులు తీసుకున్న భర్త మిల్టన్, సైకోఎనలిస్టు, కూతుళ్ళు ఆలిస్‌నీ నాన్సీనీ కూర్చోబెట్టి విషయం చెప్పాడు. పిల్లల్ని కనకూడదని ఇద్దరూ నిర్ణయించుకున్నారు.

ఈ కథలో మరో స్త్రీ ఉంది. మార్జరీ గత్రీ నాట్యకారిణి, మార్తా గ్రాహమ్ బృందంలో నర్తించింది. పాటల రచయిత వుడీ గత్రీ భార్య. విడిపోయాక కూడా, అతను ఈ జబ్బుతో 1967లో పోయేదాకా చూసుకున్నది ఆమే. విడాకులిచ్చాక కూడా చాకిరీ తప్పలేదా అని మనలో కొందరికి అనిపించవచ్చు, నాకూ అనిపించింది. కానీ ఆమె ఆ చాకిరీ దగ్గర ఆగలేదు. అదే ఏడాది రోగుల కుటుంబాలతో ఒక సంఘం పెట్టింది. మరుసటి ఏడు మిల్టన్ లాస్ ఏంజిలిస్‌లో వేసిన పునాదే తర్వాత హెరిడిటరీ డిసీజ్ ఫౌండేషన్ అయింది. అది చిన్న మొత్తాలు ఇచ్చి యువ శాస్త్రవేత్తల్ని ఈ జబ్బు వైపు లాగింది. వాళ్ళ సమావేశాల్లో రోగులు కూడా వచ్చి కూర్చునేవారు. టెస్ట్ ట్యూబుల వాళ్ళకి మనిషి కనపడాలని.

1976లో అమెరికన్ కాంగ్రెసు ఈ జబ్బు మీద ఒక కమిషన్ వేసింది. అధ్యక్షురాలు మార్జరీ. దాన్ని నడిపించింది 1974లో సైకాలజీలో డాక్టరేట్ చేసిన నాన్సీ. ఊరూరా విచారణలు జరిగాయి. ఇంట్లో మంచాన పడ్డవాళ్ళకి అన్నం పెట్టేవాళ్ళు వచ్చి ప్రభుత్వం ముందు మాట్లాడారు. 1977లో నివేదిక వచ్చింది. వెనిజులాకి వెళ్ళే పనికి డబ్బు పుట్టింది ఆ దారినే. మరుసటి ఏడు లియోనోర్ చనిపోయింది.

వెనిజులాలో మారకైబో సరస్సు ఒడ్డున, పేదల వాడల్లో, నీళ్ళ మీద గుంజలు పాతి కట్టుకున్న ఇళ్ళలో ఈ జబ్బు ఒకే వంశంలో తరతరాలుగా పాకింది. అక్కడివాళ్ళు దాన్ని ‘ఎల్ మాల్’, అంటే చెడు, అని పిలిచేవారు. దాన్ని 1950లలో గుర్తించింది అమెరికో నెగ్రెట్టే అనే అక్కడి డాక్టరే. నాన్సీ 1979లో మొదటిసారి వెళ్ళింది. 1981 నుంచి 2002 దాకా ఏటా బృందంతో వెళ్ళింది. రక్తం ఇమ్మంటే జనం ఎందుకిస్తారు? బృందంలోని నర్సు నాన్సీ చెయ్యి పట్టుకుని, పరీక్ష కోసం చర్మం కోసి తీసిన మచ్చ చూపించింది. ఈమె ఇంట్లోనూ ఇదే ఉంది, ఈమే ముందు ఇచ్చింది అని. నాలుగు వేలకు పైగా రక్త నమూనాలు, 18 వేల మందికి పైగా మనుషులున్న వంశవృక్షం అలా పోగయ్యాయి. ఎవరి బిడ్డ ఎవరు, ఏ తండ్రికి ఎన్ని సంసారాలు అన్నది కాగితాల్లో లేదు. ఇంటింటికీ వెళ్ళి అడిగి రాసుకోవాల్సిందే.

ఎన్నో దశాబ్దాలు పడుతుందని చాలామంది అనుకున్న పని తొందరగానే తేలింది. 1983లో జేమ్స్ గుసెల్లా బృందం ఈ జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని కనిపెట్టింది. మొదటి ఆచూకీ ఒక అయోవా కుటుంబం రక్తంలో దొరికితే, దాన్ని నిలబెట్టింది మారకైబో రక్తం. వీధి దొరికింది గానీ ఇల్లు దొరకడానికి మరో పదేళ్ళు పట్టింది. 1993 మార్చిలో వచ్చిన పరిశోధన పత్రానికి రచయితగా ఒక్కరి పేరు లేదు, ఆరు ల్యాబుల ఉమ్మడి బృందం పేరు ఉంది. శాస్త్రవేత్తలు తమలో తాము కీర్తి పంచుకోవడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఫౌండేషన్ వాళ్ళని ఏళ్ళ తరబడి ఒకచోట కూర్చోబెట్టిన ఫలితమది.

అదే ఏడాది నాన్సీకి లాస్కర్ పురస్కారం వచ్చింది. అమెరికాలో వైద్యరంగంలో పెద్ద గౌరవం అది. అయితే ఏ విభాగంలో? పరిశోధనలో కాదు, ప్రజాసేవలో.

నేను ఆగిపోయింది ఇక్కడే. పిపెట్ పట్టుకోలేదు కాబట్టి సేవ అన్నారనుకుందాం. కానీ వంశవృక్షం తప్పయితే క్రోమోజోమ్ లెక్కే తప్పుతుంది. నమ్మకం సంపాదించడం, కుటుంబాల్ని గుర్తుపెట్టుకోవడం, మళ్ళీ మళ్ళీ వెళ్ళడం పద్ధతిలో భాగమే కదా! మన భాషలో ‘సేవ’ అన్న మాట ఆడవాళ్ళకి ఎంత తేలిగ్గా అంటగడతారో మనకి తెలుసు. అత్తగారికి సేవ, పతిసేవ. పొగడ్తలాగే ఉంటుంది, జీతం మాత్రం రాదు.

ఆ పురస్కారానికే ఇంకో చరిత్ర ఉంది. 1945లో వీటిని మొదలుపెట్టింది ఆల్బర్ట్ లాస్కర్, మేరీ లాస్కర్ దంపతులు. డాక్టరు కాని మేరీ, అమెరికన్ ప్రభుత్వం వైద్య పరిశోధనకి డబ్బు పెంచేలా దశాబ్దాలు వెంటపడింది. పరిశోధన పురస్కారాలు చాలాకాలం ఆల్బర్ట్ పేరు మీద నడిచాయి. ఆమె పోయాక సేవా విభాగానికి మేరీ పేరు పెట్టారు. ఇప్పుడు అందులోనూ ఆమె పేరు లేదు, అది లాస్కర్–బ్లూమ్‌బర్గ్ పురస్కారం.

మరి మారకైబో స్త్రీలకి? భర్తకి ఒంట్లో జబ్బు మొదలైతే అతన్నీ, ఆ తర్వాత పిల్లల్నీ వరసగా చూసుకున్నవాళ్ళు. 1999లో అక్కడ రోగుల కోసం ఒక ఆశ్రయం తెరిచారు, ఫౌండేషన్ సాయం చేసింది. కొన్నేళ్ళకి డబ్బు లేక అది మూతపడింది. జబ్బును పూర్తిగా నయంచేసే మందు ఇంకా రాలేదు.

ముందే తెలుసుకునే పరీక్ష 1986 నుంచీ ఉంది. దానికి దారి వేసిన నాన్సీ తాను చేయించుకోలేదు. 2020లో, 74 ఏళ్ళ వయసులో, తనకీ ఈ జబ్బు ఉందని పత్రికకి చెప్పింది. దీని చుట్టూ ఉన్న భయం, సిగ్గు కొంతైనా తగ్గాలని. ఆమె తూలుతూ నడవడం దగ్గరివాళ్ళు అప్పటికే ఏళ్ళుగా చూస్తున్నారు.