డ్రాగ్ రేసింగ్: రోడ్డు కారు వెనుక టైరు, ఇరుసు గేరుల చరిత్ర

నిలిచి ఉన్న రెండు కార్లు ఒకేసారి బయలుదేరి, తిన్నని దారిలో సాధారణంగా పావు మైలు, అంటే 402 మీటర్ల దూరాన్ని ముందుగా దాటడానికి పడే పోటీని డ్రాగ్ రేసింగ్ అంటారు. రోజూ రోడ్డు మీద తిరిగే కారును ఈ పోటీకి సిద్ధం చేసేటప్పుడు ఇంజను తరువాత ముఖ్యంగా తేల్చుకోవలసినవి వెనుక టైరు కొలత, వెనుక ఇరుసులోని క్రౌన్-పినియన్ నిష్పత్తి. గేరు బాక్సు నుంచి వెనక్కి వెళ్లే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో ఈ నిష్పత్తి చెబుతుంది, 4.10 అంటే షాఫ్టు నాలుగు చుట్లకు పైగా తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఈ అంకె పెరిగేకొద్దీ చక్రాన్ని తిప్పే బలం పెరిగి, అదే ఇంజను వేగానికి కారు వెళ్లే వేగం తగ్గుతుంది. టైరు వ్యాసం పెరిగితే జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. 26 అంగుళాల టైరుతో 3.73 గేరు ఇచ్చే లాగుడే 28 అంగుళాల టైరుతో కావాలంటే దాదాపు 4.02 గేరు వేయాలి. కనుక చూడడానికి వేర్వేరు భాగాలే అయినా లెక్కలో టైరు, గేరు విడదీయరానివి. వీటి చరిత్ర అంతా ఒకటి మారినప్పుడల్లా రెండోది మారక తప్పని చరిత్రే.

ఈ క్రీడకు పుట్టిల్లు అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా. 1930లలో అక్కడి యువకులు మురాక్ వంటి ఎండిన సరస్సుల నేలపై పాత ఫోర్డు కార్లను పరుగెత్తించేవారు. అక్కడ చాలా దూరం నుంచి వేగం పుంజుకుని వచ్చి కొలత గీతను దాటడమే లక్ష్యం కనుక గేరు కేవలం చివరి వేగానికి తగినదై ఉంటే చాలేది. 1950లో శాంటా ఆనా విమానాశ్రయపు రన్‌వేపై క్రమబద్ధమైన డ్రాగ్ స్ట్రిప్ మొదలై, 1951లో వాలీ పార్క్స్ నాయకత్వంలో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఏర్పడి, 1955లో కాన్సాస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో తొలి జాతీయ పోటీలు జరిగే నాటికి సమస్య స్వరూపమే మారిపోయింది. ఇప్పుడు కారు నిలిచిన చోటి నుంచి గట్టిగా కదలాలి, పావు మైలు ముగిసే చోట ఇంజను తన శక్తి శిఖరానికి దగ్గరగా ఉండాలి; ఈ రెండు కోరికలనూ ఒకే ఇరుసు తీర్చాలి. వెనుక మూత తీసి రెండు చిన్న గేర్లను మార్చుకుంటే నిమిషాల్లో కొత్త నిష్పత్తి ఇచ్చే హాలిబ్రాండ్ క్విక్-చేంజ్ ఇరుసు హాట్ రాడర్లలో, అంటే పాత కార్లను వేగం కోసం మార్చుకునేవారిలో, ఆదరణ పొందడానికి కారణం ఇదే.

అయితే తొలి దశాబ్దంలో అసలు అడ్డంకి గేరు కాదు, రబ్బరు. పాత టైరు గుల్లపై గాడులు లేని వెడల్పు రబ్బరు పొరను అతికించి చేసిన రీట్రెడ్ టైర్లే తొలి ‘స్లిక్’లు. నేలను పట్టుకునే శక్తి తక్కువైన ఆ టైర్ల కింద పెద్ద అంకె గేరు వేస్తే చక్రాలు ఉన్నచోటే తిరిగి పొగ చిమ్మేవి. పొగ చిమ్ముతూ పావు మైలంతా వెళ్లడమే సరైన పద్ధతి అని నమ్మిన రోజులు కూడా ఉన్నాయి. 1950ల చివరి సంవత్సరాల్లో మసాచుసెట్స్‌లోని ఎం అండ్ హెచ్ సంస్థ డ్రాగ్ పోటీలకే ప్రత్యేకంగా టైర్లను పోతపోయడంతో ఈ నమ్మకం సడలసాగింది. 1960లలో గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, మికీ థాంప్సన్ సంస్థలు రంగంలోకి దిగాయి. ఆ దశాబ్దం మధ్యలో పక్కగోడ పలచగా ఉండి, కారు కదిలే క్షణంలో ముడతలు పడే ‘రింకిల్ వాల్’ స్లిక్ వచ్చింది. తక్కువ గాలితో నడిచే ఈ టైరు మొదట ముడుచుకుని ఇంజను దెబ్బను తనలోకి తీసుకుంటుంది, ఆ తరువాత పొడవుగా నేలను అదిమి ముందుకు నెడుతుంది. గేరు లెక్కకు ఇది కొత్త చిక్కు తెచ్చింది: ఇటువంటి టైరు అధిక వేగంలో ఉబ్బి ఎత్తు పెరుగుతుంది కనుక, నిలిచి ఉన్నప్పుడు కొలిచిన వ్యాసం గమ్యం దగ్గర వ్యాసం కాదు.

ఇదే కాలంలో అమెరికా కార్ల పరిశ్రమకు కేంద్రమైన డెట్రాయిట్ కర్మాగారాలు పందెపు గేర్లను షోరూములోకే తెచ్చాయి. 1957లో ఫోర్డ్ ప్రవేశపెట్టిన 9 అంగుళాల ఇరుసులో గేర్ల సముదాయం మొత్తాన్ని ముందు వైపు నుంచి విప్పి తీయవచ్చు. వేరే నిష్పత్తి ఉన్న సముదాయాన్ని సిద్ధంగా ఉంచుకుంటే పోటీ గేరుకూ రోడ్డు గేరుకూ మధ్య మార్పు ఒక పూట పని. అదే కాలంలో షెవ్రొలే ‘పోజీట్రాక్షన్’ పేరుతో, ఒక చక్రం జారినా రెండో చక్రానికి బలం అందించే డిఫరెన్షియల్‌ను ఇచ్చింది. 1969 నాటి ఫోర్డ్ ‘డ్రాగ్ ప్యాక్’ కోరుకున్నవారికి 3.91 లేదా 4.30 గేరు ఉన్న ఇరుసు కర్మాగారం నుంచే అమర్చి వచ్చేది. ఇంత గేరు కొన్నవారు టైరు దగ్గర మాత్రం ఆగిపోయేవారు, ఎందుకంటే చక్రపు గూడులో చోటు కొద్దిగానే ఉండేది.

గేరు ఎంపికకు ఆధారమైన సూత్రం నేటికీ మారలేదు. గంటకు మైళ్లలో వేగాన్ని గేరు నిష్పత్తితోను, 336తోను గుణించి, అంగుళాలలో టైరు వ్యాసంతో భాగిస్తే నేరు గేరులో, అంటే గేరు బాక్సు ఏ మార్పూ చేయని స్థితిలో, ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు వస్తాయి. గంటకు 110 మైళ్ల, అంటే 177 కిలోమీటర్ల వేగంతో గమ్యం దాటే కారుకు 26 అంగుళాల టైరు ఉంటే, 3.73 గేరుతో ఇంజను 5,300 చుట్ల దగ్గర, 4.10తో 5,830 దగ్గర ఉంటుంది. ఆటోమేటిక్ గేరు బాక్సులోని టార్క్ కన్వర్టర్ కొంత జారుతుంది కనుక ఆ మేరకు మరికొన్ని వందల చుట్లు కలుపుకోవాలి. ఇంజను శిఖర శక్తి 6,000 చుట్ల ప్రాంతంలో ఉంటే ఈ కారుకు 4.10 సరిపోతుంది. కానీ గమ్యం లెక్క ఒక్కటే చూసుకోవడం తొందరపాటు. మొదటి 60 అడుగులు దాటే సమయాన్ని నిర్ణయించేది మొదటి గేరు, ఇరుసు గేరు కలిసిన గుణకారం. జనరల్ మోటార్స్ వారి టర్బో 350 గేరు బాక్సు మొదటి గేరు 2.52తో 4.10 కలిస్తే 10.3 వస్తుంది, అదే సంస్థ 700ఆర్4 బాక్సు మొదటి గేరు 3.06 కనుక 3.42 ఇరుసుతోనే అంతకన్నా కాస్త ఎక్కువ బలం చేతికొస్తుంది.

4.10 ఇరుసుతో రోడ్డు మీద బతకడం ఎంత కష్టమో కూడా ఈ సూత్రమే చెబుతుంది. గంటకు 65 మైళ్ల దగ్గర ఆ ఇంజను 3,440 చుట్లు తిరుగుతూ, హోరెత్తుతూ పెట్రోలు తాగేది. 1973 చమురు సంక్షోభం తరువాత అమెరికా కంపెనీలు 3.00కు తక్కువ గేర్ల వైపు మళ్లడంతో కర్మాగారపు పందెపు ఇరుసుల యుగం వెనకబడింది. ఈ ముడి విప్పినది ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజను కన్నా షాఫ్టు వేగంగా తిరిగేలా చేసే పై గేరు. 1982లో వచ్చిన 700ఆర్4లో ఇది 0.70, దానితో పైన చెప్పిన 3,440 చుట్లు 2,410కి దిగుతాయి. రోడ్డు కార్ల డ్రాగ్ రేసింగ్‌కు ఏ టైరూ చేయనంత మేలు ఈ ఒక్క గేరు చేసిందనడం అతిశయోక్తి కాదు.

టైరు వెడల్పు కథ వేరు. 1970ల చివర, 1980లలో ‘ప్రో స్ట్రీట్’ పేరుతో వెనుక నేలను కోసి, ఛాసిస్‌ను ఇరుకు చేసి, బ్రహ్మాండమైన టైర్లను లోపలికి నెట్టిన కార్లు ప్రదర్శనల్లో మెప్పు పొందాయి. కానీ పట్టు వెడల్పుతోనే రాదు. రబ్బరు మిశ్రమం, గాలి ఒత్తిడి, టైరు నేలను తాకే భాగం పొడవు, కారు బరువు వెనక్కి వాలే తీరు అంతే ముఖ్యం, పైగా అవసరానికి మించిన టైరు బరువు ఇంజనుకు భారమే. ఛాసిస్‌ను కోయకుండా గూడును మాత్రం లోపలికి జరిపే ‘మినీ టబ్’ పద్ధతి నిలదొక్కుకోవడానికి ఈ వివేకమే కారణం.

1990లలో రోడ్డుపై వాడేందుకు అనుమతి ఉన్న డ్రాగ్ రేడియల్ టైర్లు వచ్చాయి. గుల్ల దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా సాగే రేడియల్ టైరు, దారాలు ఏటవాలుగా సాగే పాత స్లిక్‌లా ఉబ్బదు, ముడతలు పడదు. గేరు లెక్క స్థిరంగా ఉంటుంది, కానీ ఒకసారి జారితే తిరిగి పట్టు దొరకడం కష్టం. టర్బోఛార్జర్ల వల్ల బలం పుష్కలంగా ఉన్న కార్లు అందుకే పెద్ద అంకె గేర్లను వదిలి 3.50 లోపు గేర్లతో నడుస్తున్నాయి. ఒకప్పుడు లోటును పూడ్చిన గేరు ఇప్పుడు మితిమీరిన బలాన్ని మెత్తబరుస్తోంది.

2005లో హాట్ రాడ్ పత్రిక మొదలుపెట్టిన డ్రాగ్ వీక్‌లో కార్లు ఒక స్ట్రిప్‌లో పరుగెత్తి, తరువాతి స్ట్రిప్‌కు రోడ్డు మీదే, తమ చక్రాలపైనే చేరుకోవాలి. పాల్గొనేవారు పలువురు స్లిక్‌లను చిన్న ట్రైలరులో వెంట లాగుతూ, దారిలో వేరే టైర్లు వాడతారు. స్ట్రిప్‌లో 26 అంగుళాలు, రోడ్డుపై 28 అంగుళాలు వేస్తే ఇరుసును ముట్టకుండానే గేరు మారినట్టు, 65 మైళ్ల దగ్గర 3,440 చుట్లు 3,200కు తగ్గుతాయి. ఆ మేరకు స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపుతుంది.