గడ్డకట్టని నీళ్ళ దగ్గర

జనవరిలో ఒక ఆదివారం పొద్దున డావెన్‌పోర్ట్‌లో మిసిసిపీ గట్టు మీద నడకకి వెళ్ళాను. మోకాలి దాకా మంచు. నది చాలామటుకు గడ్డకట్టి తెల్లగా ఉంది. 15వ నంబరు డ్యామ్ దిగువన మాత్రం నీళ్ళు నల్లగా సుళ్ళు తిరుగుతున్నాయి. పక్కనే ఆకులు రాలిన చెట్ల మీద ఏవో ముద్దల్లా కనిపించాయి. దగ్గరికెళ్తే బాల్డ్ ఈగిల్స్! లెక్కపెట్టాను, పదకొండు. ఒకటి కిందికి దిగి, నీటిని అలా గీరి, చేపతో లేచింది.

ప్రకృతి ఎంత గొప్పదో అనుకుంటూ ఇంటికొచ్చేయొచ్చు. కానీ ఆ దృశ్యంలో ప్రకృతి ఎంతుందో చరిత్రా అంతే ఉంది.

ఆ డ్యామ్ 1934లో పూర్తయింది. సరుకు పడవలకి తొమ్మిది అడుగుల లోతు కావాలని కట్టారు, గద్దల ఊసే లేదు. గేట్ల కింద నీళ్ళు కదులుతుంటాయి కనుక గడ్డకట్టవు. ఉత్తరాన సరస్సులు మూసుకుపోయాక గద్దలు చేపల కోసం ఇక్కడికి చేరతాయి.

అసలవి మిగలడం ఇంకో కథ. 1782 నుంచి అమెరికా రాజముద్ర మీదున్న ఈ పక్షిని, గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుందని జనం కాల్చి చంపేవారు. 1940లో దాన్ని కాపాడే చట్టం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డీడీటీ వచ్చింది. పొలంలో చల్లిన మందు నదిలోకి, చేపల్లోకి, చివరికి గద్దలోకి చేరింది. గుడ్ల పెంకులు పలచబడి, పొదుగుతుంటేనే పగిలిపోయేవి. 1963 నాటికి అలాస్కా, హవాయీలను వదిలేస్తే దేశంలో గూడు కట్టే జంటలు ఐదువందలు కూడా లేవు.

రేచెల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' 1962లో వచ్చింది. డీడీటీ నిషేధం 1972లో. బగ్ దొరకడం వేరు, అది మన కోడ్‌దేనని ఒప్పుకోవడం వేరు. ఇక్కడ ఆ రెంటికీ మధ్య పదేళ్ళు పట్టింది. 2007లో ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలోంచి తీసేసేనాటికి దాదాపు పదివేల జంటలయ్యాయి.

గొడ్డు చస్తే ఊరి బయట రాబందులు గుంపులుగా వాలేవని మా నాయనమ్మ చెప్పేది. వాటిని మింగింది పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు. 2004లో కారణం తేలింది, 2006లో మన దేశం పశువులకి ఆ మందు వాడకాన్ని నిషేధించింది. ఒప్పుకోవడంలో మనమే నయం. కానీ రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, తిరిగి పెరగడానికి చాలా కాలం కావాలి.

ఊరెళ్ళిన ప్రతిసారీ ఆకాశంకేసి చూస్తాను. లెక్కపెట్టడానికి ఇంతవరకూ ఒక్కటీ కనపడలేదు.