ప్రాసెసర్ వేడి: ఫ్యాన్ లేని చిప్పు నుంచి తొంభై ఐదు డిగ్రీల దాకా

1981లో ఐబిఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు, అందులోని ఇంటెల్ 8088 ప్రాసెసరును చల్లబరచడానికి ప్రత్యేకమైన ఏర్పాటు ఏదీ లేదు, 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే ఆ చిప్పు నుంచి పుట్టే కొద్దిపాటి వేడి దాని తొడుగు మీదుగానే గాలిలో కలిసిపోయేది. కంప్యూటర్ల తయారీదారులకు వేడి అప్పటికి కొత్త సమస్యేమీ కాదు. 1946లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ప్రజల ముందుకు వచ్చిన ఎనియాక్, దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులతో 150 కిలోవాట్ల మేర విద్యుత్తును వాడుకుంటూ, గాలిని ఊదే భారీ యంత్రాల సాయంతోనే నడిచింది. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటరులోనైతే సర్క్యూట్ బోర్డులను ఫ్లోరినర్ట్ అనే, విద్యుత్తును ప్రసరింపనీయని ద్రవంలో పూర్తిగా ముంచి ఉంచారు. బల్ల మీది కంప్యూటరు మాత్రం తన తొలి దశాబ్దాన్ని ఆ చింత లేకుండానే గడిపింది.

ప్రాసెసరు వాడుకునే విద్యుత్తంతా చివరికి వేడిగానే బయటపడుతుంది. చిప్పులోని ట్రాన్సిస్టర్లు, అంటే విద్యుత్తును ఆపుతూ వదులుతూ లెక్కలు చేసే అతి సూక్ష్మమైన స్విచ్చులు, స్థితి మార్చుకున్నప్పుడల్లా కొంత శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ పెరిగితే దాని వర్గాన్ని అనుసరించి ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. ట్రాన్సిస్టరు చిన్నదవుతున్న కొద్దీ వోల్టేజీని కూడా అదే పాళ్లలో తగ్గిస్తూ పోతే, చిప్పు మీద ఒక్కో చదరపు మిల్లీమీటరు నుంచి వెలువడే వేడి పెరగదని ఐబిఎం శాస్త్రవేత్త రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు 1974లో నిరూపించారు. అయినా పరిశ్రమ చాలాకాలం 5 వోల్టులనే పట్టుకుని ఉండటం వల్ల, వేగం పెరిగినంత మేరా వేడి పెరిగింది. ఇంటెల్ 486 ప్రాసెసర్ల తరం చివరికి చిప్పు మీద హీట్ సింక్, అంటే వేడిని పలుచని రేకుల మీదుగా గాలిలోకి వదిలే లోహపు దిమ్మ, కనిపించసాగింది. 5 వోల్టులతోనే 1993లో వచ్చిన తొలి పెంటియం దాదాపు 15 వాట్లు వాడుకోవడంతో ఆ దిమ్మకు ఫ్యాన్ తోడైంది. దిమ్మకూ చిప్పుకూ మధ్య కంటికి కనిపించని గాలి సందులను పూడ్చి వేడిని సాఫీగా దాటించే థర్మల్ పేస్టు కూడా ఈ కాలంలోనే సామాన్య వినియోగదారునికి పరిచయమైంది.

ఈ చరిత్రలో అసలైన మలుపు ఫ్యాన్ల పరిమాణం పెరగడం కాదు, ఉష్ణోగ్రతను కొలిచే సాధనం చిప్పు లోపలికి చేరడం. 2000 ప్రాంతపు అనేక మదర్‌బోర్డులలో ఆ సాధనం సాకెట్ మధ్యలో, ప్రాసెసరుకు కింద ఉండేది కాబట్టి, అది చూపే అంకె అసలు వేడి కంటే తక్కువగానూ, ఆలస్యంగానూ ఉండేది. దీని పర్యవసానాన్ని 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైటు జరిపిన ఒక ప్రయోగం స్పష్టంగా చూపింది: కంప్యూటరు నడుస్తుండగానే హీట్ సింకును తొలగించగా ఏఎండి వారి అథ్లాన్ చిప్పులు క్షణాలలో కాలిపోయాయి, తన వేడిని తానే గమనించుకుని వేగాన్ని తగ్గించుకోగల పెంటియం 4 మాత్రం నెమ్మదిగానైనా నడుస్తూనే ఉంది. అథ్లాన్ ఆ రోజులలో ఎంతో సమర్థమైన చిప్పు. దానికి లోపించినది వేగం కాదు, స్వీయరక్షణ.

అయితే పెంటియం 4కూ మరో రూపంలో కష్టం ఎదురైంది. 2004 ఫిబ్రవరిలో వచ్చిన దాని ప్రెస్కాట్ రూపంలో ట్రాన్సిస్టర్లలోని నిరోధక పొర కొద్ది పరమాణువుల మందానికి పలుచబడి, స్విచ్చు ఆపి ఉన్నప్పుడు కూడా విద్యుత్తు కారిపోసాగింది. వోల్టేజీని ఇక మునుపటిలా తగ్గించలేని ఆ స్థితిలో డెనార్డ్ సూత్రం ఆసరా తప్పింది, చిప్పు వేడి 100 వాట్లు దాటింది. అదే ఏడాది మే నెలలో ఇంటెల్ దాని వారసుడిగా రావలసిన తేజాస్‌ను రద్దు చేసి, వేగం వెంట పరుగు మాని, ఒకే చిప్పులో రెండు కోర్లను, అంటే లెక్కలు చేసే భాగాలను, అమర్చే దారి పట్టింది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యూయో నమూనాలు చాలావరకు 65 వాట్ల పరిమితిలోనే అంతకు మించిన పని చేశాయి.

నేటి ప్రాసెసరు వందల డిగ్రీలను తట్టుకోదు, కానీ తన హద్దును ఎరిగి ఆ అంచున నడుస్తుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పులలో ఆ హద్దు చాలావరకు 100 సెల్సియస్ డిగ్రీలు. 2022లో వచ్చిన ఏఎండి రైజెన్ 7000 శ్రేణిలోని శక్తిమంతమైన నమూనాలు పూర్తి భారం మీద 95 డిగ్రీలకు చేరి అక్కడే నిలకడగా పనిచేసేలా రూపొందాయి. ఒకప్పుడు ఆందోళన కలిగించే అంకె, నేడు తయారీదారు ఉద్దేశించిన పని స్థితి. పని లేనప్పుడు 30 నుంచి 45 డిగ్రీలు, భారం మీద 60 నుంచి 85 డిగ్రీలు అనే సాధారణ లెక్క కూడా చల్లని గదిని ఊహించి చెప్పినదే. గాలితోనైనా నీటితోనైనా చల్లబరిచే ఏ సాధనమూ చిప్పును గది కంటే చల్లగా ఉంచలేదు కనుక, వేసవిలో 38 డిగ్రీలకు చేరే రామగుండం ఇంటి గదిలో, 23 డిగ్రీల గదితో పోలిస్తే, ప్రతి అంకె కూడా సుమారు 15 డిగ్రీలు పైనే ఉంటుంది, అందులో యంత్రం తప్పేమీ లేదు. ఏ పనీ లేకుండానే 80 దాటడం, పని మధ్యలో వేగం పడిపోతూ ఉండటం, కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోవడం మాత్రం నేటికీ పాత కారణాలనే సూచిస్తాయి: రేకుల మధ్య పేరుకున్న దుమ్ము, ఎండిపోయిన పేస్టు, సరిగా బిగించని దిమ్మ.