రాని తుఫానుకు కట్టిన మూటలు

మన సంఘాల చరిత్ర రాసేటప్పుడు వచ్చిన కష్టాలే రాస్తాం. ఏ ఏడు తుఫాను వచ్చింది, ఏ ఏడు వరదొచ్చి మగ్గం గుంటలు నిండాయి, ఏ ఏడు నూలు దొరక్క పని ఆగింది, ఇవన్నీ పెద్దలకు వేళ్ళ మీద లెక్కే. వస్తుందని భయపడి, సామాను సర్దుకొని, ఎదురు చూస్తే రాకుండా పోయిన కష్టాల సంగతి మాత్రం ఎవరూ రాయరు. "అప్పుడొకసారి ఉత్తపుణ్యానికి మగ్గం విప్పాం" అని నవ్వుకొని వదిలేస్తాం. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ ఉత్తపుణ్యం గురించే నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

ఎందుకంటే ఆ నవ్వు మెల్లగా విసుగు అవుతోంది. "పోయినసారి విప్పాం, ఏమీ రాలేదు, ఈసారి విప్పేది లేదు" అనే మాట ఒడిశా వైపు, యానాం వైపు మన ఇళ్ళల్లో వినబడుతోంది. ఆ మాట మంచిది కాదని చెప్పడానికి చరిత్ర చాలు.

తీరం రాసిపెట్టిన లెక్క

మన కుటుంబాల్లో సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళకు దీపావళికి అటూ ఇటూ వచ్చే రోజులంటే ఏమిటో తెలుసు. 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన యానాం పక్కనే ఉన్న కోరంగి రేవును ముంచేసింది. ఓడలతో కళకళలాడిన ఆ రేవు మళ్ళీ ఆ వైభవం చూడలేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారని ఆనాటి లెక్కలు. 1977 నవంబరు 19న దివిసీమలో అధికారికంగానే 10 వేల మంది. 1996 నవంబరు 6న గోదావరి పాయల మీద, యానాం మీద విరుచుకుపడిన తుఫానులో వెయ్యి మందికి పైగా.

ఒడిశాలో 1999 అక్టోబరు ఇంకా ఘోరం. 17వ తేదీన ఒక తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటి గంజాం జిల్లాను, బరంపురాన్ని కొట్టింది. పన్నెండు రోజులకే, 29న, పారాదీపు వైపు మహా తుఫాను వచ్చింది. అందులో పోయినవాళ్ళు సుమారు 10 వేలు.

ఇప్పుడు ఇదే లెక్కలో రెండో వైపు చూడండి. దివిసీమ అంతటి బలమైన తుఫానే 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. అప్పటికి తుఫాను షెల్టర్లు కట్టారు, లక్షకు పైగా జనాన్ని ముందే కదిలించారు. పోయిన ప్రాణాలు వెయ్యి లోపు. అదీ తక్కువేం కాదు గానీ, పది వేలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ! 2013 అక్టోబరు 12 రాత్రి, దసరా పండగ రోజుల్లో, ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని అప్పటికే తరలించారు. తర్వాత వచ్చిన వరదలు కలుపుకొన్నా పోయినవాళ్ళు యాభై లోపు. సముద్రం మారలేదు, గాలి మారలేదు. ముందు కదలడం ఒక్కటే మారింది.

లెహర్ వస్తానంది, రాలేదు

ఫైలిన్ పోయిన నెలన్నరకే అసలు సంగతి వచ్చింది. 2013 నవంబరు 22న హెలెన్ తుఫాను బందరుకు దక్షిణాన తీరం దాటి కృష్ణా, గోదావరి జిల్లాల్లో వరి పొలాలను పడుకోబెట్టింది. ఆ నీళ్ళు ఇంకకముందే అండమాన్ వైపు నుంచి లెహర్ బయలుదేరింది. అతి తీవ్ర తుఫానుగా మారిందనీ, 28వ తేదీన కాకినాడ పరిసరాల్లో తీరం దాటవచ్చనీ వాతావరణ శాఖ చెప్పింది. అంటే యానాం దాని నోటి ముందే ఉంది.

వారం వ్యవధిలో రెండోసారి మూటలు. తీరంలో జనాన్ని తరలించారు, పడవలు ఒడ్డుకెక్కాయి. తీరా 28న చూస్తే లెహర్ సముద్రంలోనే నీరసించి, వట్టి వాయుగుండంగా బందరు దగ్గర తీరం దాటింది. కోస్తా దగ్గర సముద్రపు నీరు దానికి చాలినంత వేడిగా లేకపోవడం, పొడి గాలి లోపలికి దూరడం, పై గాలులు దాని తలను ఒక దిక్కుకు నెట్టడం, ఇవీ కారణాలు. తుఫానుకు తిండి వేడి నీరే. అది అందలేదు.

2021 డిసెంబరులో జవాద్ కూడా అంతే. ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరానికి వస్తుందన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి 50 వేల మందికి పైగా తరలించారు. 4వ తేదీనే అది బలహీనపడి, తీరం వెంట ఒడిశా వైపు జరిగి, 5న పూరీ దగ్గరికి చేరేసరికి వాయుగుండమై పోయింది. వానకు పంటలు తడిశాయి గానీ, భయపడిన గాలి రాలేదు.

మగ్గం విప్పడం అంటే

ఊరికే "జాగ్రత్త పడండి" అనడం సులువు. నేతగాడికి ఆ జాగ్రత్త ఎంత పడుతుందో బయటివాళ్ళకు తెలియదు. గుంట మగ్గం ఉన్న ఇంట్లో నీళ్ళు ముందు చేరేది గుంటలోకే. గడప దాటి నీళ్ళు రావక్కర్లేదు, నేల చెమర్చినా గుంట ఊరుతుంది. అందుకని నేసినంత మేర గుడ్డ కోసి తీయాలి. పడుగును అచ్చుతో సహా, పోగులు చెదరకుండా చుట్టి, గుడ్డలో కట్టి అటకెక్కించాలి. జకార్డు ఉంటే అట్టలు దించాలి. అట్ట తడిస్తే ఉబ్బుతుంది, బొమ్మ తప్పుతుంది. పట్టు, జరీ, కండెలు, రాట్నం, ఆసు, షావుకారు దగ్గర తెచ్చిన ముడి నూలు, అన్నీ ఎత్తుకు చేరాలి.

గాలి పోయాక మళ్ళీ ఎక్కించడం ఇంకో పని. చీర పడుగులో పోగులు వేలల్లో ఉంటాయి. చుట్టి దించినప్పుడు తెగినవన్నీ వెతికి అతకాలి. బిగువు సరిచూడాలి. చెమ్మకు గంజి మెత్తబడితే ఇంకో రోజు ఆగాలి. విప్పిన రోజు, ఎదురు చూసిన రోజు, ఎక్కించిన రోజులు, మొత్తం కలిపితే వారం కూలి పోయినట్టే. అదీ పెళ్ళిళ్ళ సీజను ముందు, చీర అందించాల్సిన గడువులో.

కాబట్టి విసుగు పడేవాళ్ళను తప్పు పట్టం. వాళ్ళు చెప్పే లెక్క నిజమైన లెక్క. దాని పక్కన రెండో లెక్క కూడా పెట్టమంటున్నాం. విప్పితే వారం కూలి పోతుంది. విప్పకుండా నీళ్ళు వస్తే పడుగు పోతుంది, అచ్చు తుప్పు పడుతుంది, అట్టలు పోతాయి, అప్పు తెచ్చిన పట్టు పోతుంది. మళ్ళీ మగ్గం ఆడేసరికి నెలలు. మొదటిది దిగమింగుకోగలిగే నష్టం. రెండోది కొందరిని కులవృత్తి నుంచే బయటికి నెట్టింది. వాళ్ళు సూరత్‌కో, ఇంకో ఊరికో కూలికి పోవాల్సి వచ్చింది.

మద్రాసు ఖాళీ అయిన ఏప్రిల్

ఇది తుఫానుకే పరిమితం కాదు. తమిళనాడులో ఉన్న మనవాళ్ళకు మద్రాసు కథ గుర్తు చేయాలి. కుంపిణీవాళ్ళు 1734 ప్రాంతంలో నేతగాళ్ళను, వడికేవాళ్ళను, అద్దకంవాళ్ళను తెచ్చి పెట్టిన పేట చింతాద్రిపేట. ఆ పట్నం 1942 ఏప్రిల్‌లో ఒక్కసారిగా ఖాళీ అయింది. ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద, 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. జపాను నౌకాదళం మద్రాసు వైపు వస్తోందన్న కబురుతో, పని లేనివాళ్ళు పట్నం వదలాలని ప్రభుత్వం చెప్పింది. ఆఫీసులు ఊటీకీ, చిత్తూరుకీ, మదనపల్లెకీ తరలాయి. హైకోర్టు కోయంబత్తూరు వెళ్ళింది. లక్షల మంది రైళ్ళలో, బళ్ళలో, కాలినడకన పల్లెలకు పోయారు.

జపాను రాలేదు. ఆ నౌకాదళం వెనక్కి మళ్ళింది. తర్వాత పట్నం మీద బాంబులు పడింది 1943 అక్టోబరులో, అదీ ఒక్క విమానం నుంచి. తిరిగొచ్చిన జనం నవ్వుకున్నారు, తిట్టుకున్నారు. కానీ విశాఖలో, కాకినాడలో నిజంగానే బాంబులు పడిన మరునాడు, పిల్లలతో ఇంట్లో ఉన్నవాడికి తెలిసింది ఎంత? ఆ తెలిసినదాంతో చేసిన పని సరైనదే. రేపు ఏం జరుగుతుందో తెలిసినవాడిలాగా నిన్నటి పనిని తూచకూడదు.

నాన్నా పులి కాదు

"నాన్నా! పులి" కథలో పిల్లవాడు పులిని చూడకుండానే అరిచాడు. అందుకే తండ్రి మూడోసారి రాలేదు. లెహర్ విషయంలో పులి నిజంగానే ఉంది. సముద్రంలో దాని ఆకారం అందరూ చూశారు. దారి మధ్యలో అది నీరసించింది, అంతే. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే, తర్వాతి పులికి మనమే ఆహారం అవుతాం. అదే సంవత్సరం ఫైలిన్ వచ్చింది, లెహర్ రాలేదు. రెండింటికీ ముందే హెచ్చరికలు వచ్చాయి. ఏది వస్తుందో ముందు చెప్పగలిగే నేతగాడు మనలో లేడు, ఆ అవసరమూ లేదు.

పైగా రాని తుఫానుకు కట్టిన మూట వట్టిగా పోదు. ఏ వస్తువు ముందు తీయాలో, ముసలివాళ్ళను ఎవరు పట్టుకోవాలో, షావుకారు సరుకు ఎక్కడ పెట్టాలో ఇంటిల్లిపాదికీ అలవాటవుతుంది. ఇల్లు కాలాక బావి తవ్వేవాడికి ఆ అలవాటు రాదు.

ఇక ఒక కోరిక. మగ్గం, నూలు పాడైతే ప్రభుత్వ విపత్తు సాయంలో చేతిపనివాళ్ళకు కొంత ఇచ్చే నిబంధన ఉంది. అది జరిగిన నష్టానికి ఇచ్చేది. ముందే విప్పి, నష్టం జరక్కుండా కాపాడుకున్నవాడి కూలి రోజులు ఆ లెక్కలోకి రావు. ఆ లోటు మన సంఘాలే పూడ్చాలి. తీరపు ఊళ్ళలో ప్రతి సంఘం చిన్న నిధి పెట్టుకొని, హెచ్చరిక వచ్చి మగ్గం విప్పిన కుటుంబానికి, తుఫాను వచ్చినా రాకపోయినా, రెండు మూడు రోజుల కూలి ఇస్తే బాగుంటుంది. షోలాపురం, భివండి, బెంగళూరు, సేలంలో స్థిరపడిన మన కుటుంబాలు కూడా ఇందులో చెయ్యి వేయాలని అడుగుతున్నాం. 2005 జులై 26 వానలు చూసిన భివండివాళ్ళకు నీళ్ళ సంగతి మేం చెప్పక్కర్లేదు.

అక్టోబరు రాకముందే ప్రతి ఇంట్లో అటక శుభ్రం చేసి, పడుగు చుట్టే గుడ్డ, తాడు, ప్లాస్టిక్ పట్టా ఒకచోట పెట్టుకోండి. ఈ ఏడు వాటి పని పడకపోతే సంతోషం. మళ్ళీ మడిచి అక్కడే పెట్టండి.